పాత మదీరా సీసా: కొనడం, తెరవడం, గ్లాసులో పోయడం

మా బావ లిస్బన్ నుంచి వస్తూ ఒక మదీరా వైన్ సీసా తెచ్చాడు. నల్లటి సీసా, దాని మీద తెల్ల రంగుతో అద్దిన 1977 అన్న అంకె. వచ్చిన రోజే, సామాను కూడా సర్దకుండా, మామూలు స్క్రూ ఓపెనర్ పెట్టి తిప్పాడు. బిరడా సగం పైకొచ్చింది, సగం పొడై లోపలికి రాలింది. గ్లాసులో పోసి వాసన చూసి, "వార్నిష్ కంపు కొడుతోందిరా, పాడైపోయింది" అంటూ సింకు వైపు నడిచాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. మల్లుగుడ్డలో వడకట్టి, సీసా కడిగి, మళ్లీ అందులోనే పోసి, నాలుగు రోజులు అల్మరాలో పెట్టాం. ఐదో రోజు అదే బావ ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, ఎంతకీ కింద పెట్టడు.

అన్నేళ్లు ఆగిన సరుకు దగ్గర మనం ఒక్క వారం ఆగలేకపోతాం. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. రెండో పొరపాటు కొట్లోనే జరుగుతుంది. సీసా మీద అంకె కనిపించగానే అది వైన్ వయసు అనుకుంటారు. ఆ పొరపాటు చేసింది బావ కాదు, నేను. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు, ఇదేం వైనో తెలుసుకోండి

మదీరా ఒక దీవి. ఆఫ్రికా వాయవ్య తీరానికి అవతల, అట్లాంటిక్ సముద్రంలో ఉంటుంది. పోర్చుగల్‌కి చెందింది, ముఖ్యపట్టణం ఫున్షాల్. అక్కడి వైన్‌కి దీవి పేరే స్థిరపడింది. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో 96 శాతం మద్యం ఉన్న ద్రాక్ష స్పిరిట్ కలుపుతారు. దాంతో పులియడం ఆగిపోతుంది, అప్పటికి మిగిలిన తీపి అలాగే ఉండిపోతుంది. ఎంత ముందుగా కలిపితే వైన్ అంత తియ్యగా ఉంటుంది. చివరికి మద్యం శాతం 19 దగ్గర నిలుస్తుంది. ఇలా స్పిరిట్ కలిపిన వాటినే ఫోర్టిఫైడ్ వైన్లు అంటారు. పోర్ట్, షెర్రీ కూడా ఈ జాతివే.

మదీరాకి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది, దాని వెనక మన దేశం దారి ఉంది. ఐరోపా నుంచి ఇండియాకి, అమెరికాకి వెళ్లే ఓడలు మదీరాలో ఆగి పీపాలు ఎక్కించుకునేవి. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు కోటలో తెల్లదొరలు తాగింది ఎక్కువగా ఈ వైనే. ఓడ అడుగున ఎండకి కాగి, అలలకి ఊగి, భూమధ్యరేఖ దాటి వచ్చిన వైన్ పాడవకపోగా ఇంకా బాగుందని వ్యాపారులు గమనించారు. ఆ తరవాత అమ్మడానికి కాకుండా, కేవలం తిప్పి తేవడానికే పీపాలు ఓడెక్కించి ఇండియా దాకా పంపి, మళ్లీ దీవికి తెప్పించుకునేవారు. అలా వెళ్లొచ్చిన దానికి ‘వీన్యో ద రోడా’ అని పేరు, అంటే చుట్టి వచ్చిన వైన్. అన్నట్టు, మనం వాడే పీపా అన్న మాట పోర్చుగీసు ‘పీపా’ నుంచి వచ్చిందే.

ఓడలు పోయాక ఆ వేడిని దీవిలోనే తెప్పించే పద్ధతులు వచ్చాయి. చవకరకాన్ని పెద్ద ట్యాంకుల్లో పోసి 45 నుంచి 50 డిగ్రీల దగ్గర కనీసం మూడు నెలలు వేడి మీద ఉంచుతారు. ఖరీదైన రకాన్ని ఓక్ పీపాల్లో నింపి, ఎండ కాచే కప్పు కింద అటక మీద ఏళ్ల తరబడి వదిలేస్తారు. ఆ పీపాలు కూర్చునే దూలాలని కాంతైరో అంటారు, పద్ధతికీ అదే పేరు. పీపా చెక్కలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. మిగిలినదాంట్లో తీపి, పులుపు, వాసన చిక్కబడతాయి. వయసు పెరిగేకొద్దీ పీపాలని చల్లగా ఉండే కింది అంతస్తులకి దించుతారు. ఇక చాలు అనుకున్నప్పుడు పెద్ద గాజు జాడీల్లోకి మార్చేస్తారు, అక్కడితో వయసు పెరగడం దాదాపు ఆగుతుంది. తాత నింపిన పీపాని మనవడు సీసాల్లో పోయడం అక్కడ మామూలు సంగతి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, కింద వచ్చే ప్రతి సలహాకీ కారణం ఇందులోనే ఉంది. వేడి, గాలి, కాలం వైన్‌ని పాడుచేస్తాయని మనకి తెలుసు. మదీరాకి ఆ మూడూ ముందే తగిలాయి. ఇక మీరు దాన్ని పాడుచేయడం కష్టం. తొందరపడితే మాత్రం దాని రుచి మీకు అందదు.

లేబుల్ మీద అంకె దేని గురించో చూడండి

నా పొరపాటు ఇక్కడే. ఒక ఊళ్లో చిన్న కొట్లో పద్దెనిమిది వందల నాటి సంవత్సరం ఉన్న సీసా కనిపించింది. అంత పాతది ఇంత తక్కువకా అని సంబరపడి కొనేశాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే అంకె పైన చిన్న అక్షరాల్లో ‘సోలెరా’ అని ఉంది. కొట్టతను అబద్ధం చెప్పలేదు, నేను అడగలేదు, అంతే.

సోలెరా అంటే ఆ సంవత్సరం మొదలుపెట్టిన పీపాల వరస. ఏటా పదో వంతుకి మించకుండా తీసి, ఆ ఖాళీని కొత్త వైన్‌తో నింపుతారు. అలా పదిసార్ల దాకా కలపవచ్చని నియమం. లేబుల్ మీది ఏడు ఆ వరస పుట్టిన ఏడు. సీసాలో ఆ ఏటి చుక్కలు ఉంటాయి, కానీ మిగతావి వాటి తమ్ముళ్లవి. వైన్ బాగానే ఉంటుంది, చాలాసార్లు చాలా బాగుంటుంది. కాకపోతే మీరు దేనికి డబ్బిస్తున్నారో తెలిసి ఇవ్వండి.

ఒక్క ఏడాది పంటతోనే చేసినది కావాలంటే రెండు మాటలు వెతకండి. ‘కొల్యేటా’ అని ఉంటే ఒకే ఏటి పంట, పీపాలో కనీసం 5 ఏళ్లు ఉందని అర్థం. ‘ఫ్రాస్కైరా’ అని ఉంటే ఒకే ఏడు, ఒకే ద్రాక్ష రకం, పీపాలో కనీసం 20 ఏళ్లు. తరాల మాట చెప్పుకునేది ఈ ఫ్రాస్కైరా గురించే. దీనికే ‘గర్రఫైరా’ అని మరో పేరు కూడా ఉంది.

పంట సంవత్సరం లేకుండా 10, 15, 20, 30, 40 ఏళ్లు అని రాసి ఉన్నవి వేరు. ఇవి రకరకాల వయసుల పీపాలు కలిపి చేసినవి. 20 అంటే లోపలి ప్రతి చుక్కకీ ఇరవై ఏళ్లని కాదు. ఇరవై ఏళ్ల మదీరాకి ఉండాల్సిన రుచి, గుణం దీనికి ఉన్నాయని దీవిలోని అధికారిక వైన్ సంస్థ రుచి చూసి ఒప్పుకుందని అర్థం. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా ఇక్కడే ఆగమని. మంచి ఉత్పత్తిదారు చేసిన 10 లేదా 15 ఏళ్ల సీసా ఒకటి తాగి, అది నచ్చితేనే ఫ్రాస్కైరా వైపు వెళ్లండి. దీనికి పదుల్లో పోయేది దానికి వందల యూరోల్లో పోతుంది. పులుపు నచ్చనివాళ్లకి ఆ డబ్బు దండగ.

ఫ్రాస్కైరా కొంటుంటే ఇంకో అంకె తప్పకుండా వెతకండి. అదే సీసాలో నింపిన సంవత్సరం. సాధారణంగా వెనక లేబుల్ మీద చిన్నగా ఉంటుంది. ముందు అంకె ఒకటే అయినా, 1980లో నింపిన సీసా వేరు, 2015లో నింపిన సీసా వేరు. మొదటిది ఎప్పుడో పీపా వదిలింది. రెండోది ఇంకా ముప్ఫై అయిదేళ్లు పీపాలో మగ్గి చిక్కబడింది. ఎక్కువ కాలం పీపాలో ఉన్నదే మేలని నేను అనను. కొన్ని మరీ చిక్కబడి, పులుపు తప్ప ఇంకేం మిగలవు. అయినా మూత తీశాక ఎన్ని రోజులు ఆగాలో ఈ రెండో అంకె మీదే ఆధారపడుతుంది, కాబట్టి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ద్రాక్ష పేరు చూస్తే తీపి ఎంతో తెలుస్తుంది

మదీరాలో ద్రాక్ష రకాన్ని బట్టి తీపి ఎంతో దాదాపు తేలిపోతుంది. నాలుగు పేర్లు గుర్తుంటే చాలు. సెర్సియల్‌లో తీపి దాదాపు ఉండదు, పులుపు మాత్రం కోస్తుంది. పోర్చుగల్ ప్రధాన భూభాగంలో ఈ రకాన్ని ‘కుక్క గొంతు నులిమేది’ అనే పేరుతో పిలుస్తారు, దాన్నిబట్టే ఊహించుకోండి. వెర్దెల్యో కాస్త తీపి, కొంచెం పొగ వాసన. బువాల్ తియ్యన, ఎండుద్రాక్ష, పాకం గుర్తొస్తాయి. మల్వజీయా అన్నిటికన్నా తియ్యన, ఇంగ్లీషు లేబుళ్ల మీద దీన్నే Malmsey అని రాస్తారు, ‘మామ్జీ’ అని పలుకుతారు. ఎంత తియ్యనిదైనా వెనకాల పులుపు కాపలా ఉంటుంది, అందుకే గొంతులో జిగురు అనిపించదు.

తెరాంతేజ్ అని ఇంకో రకం ఉంది, చాలా అరుదు. ఆ ద్రాక్ష తినొద్దు, ఇవ్వొద్దు, దేవుడు దాన్ని వైన్ కోసమే పుట్టించాడని దీవిలో సామెత. మొదట తియ్యగా తగిలి చివర చేదుతో ముగుస్తుంది. మా బావ సీసా ఇదే.

ఇక టింటా నెగ్రా. దీవిలో ఎక్కువగా పండేది ఇదే. 1850ల్లో బూజు తెగులు, 1872 నుంచి వేరు పురుగు పాత రకాలని ఊడ్చేశాక తోటల్లో ఇది నిండిపోయింది. చాలాకాలం దీన్ని చిన్నచూపు చూశారు, లేబుల్ మీద పేరు కూడా వేసేవారు కాదు. ఇప్పుడు కొందరు దీన్నే ఏళ్లతరబడి పీపాలో ఉంచి మంచి కొల్యేటాలు తీస్తున్నారు. తక్కువ ధరలో పాత సరుకు కావాలంటే ఈ పేరు చూసి మొహం తిప్పుకోకండి.

కొనేటప్పుడు

దీవికి వెళ్లే అవకాశం ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఫున్షాల్ ఊరి నడిబొడ్డున బ్లాండీస్ వాళ్ల పాత వైన్ లాడ్జ్ (వైన్ మగ్గబెట్టే గోదాము) ఉంది, 1811 నుంచి ఉన్న కుటుంబం. 1850 నుంచి ఉన్న డి’ఒలివెయిరాస్ వాళ్ల గోదాము కూడా నడిచి వెళ్లే దూరమే. తెల్ల రంగుతో అంకెలు అద్దిన సీసాలు వీళ్లవి. ఎన్రీకెస్ అండ్ ఎన్రీకెస్, బార్బెయిటో, జస్టినోస్, బోర్జెస్ లాంటి పేర్లు కూడా నమ్మదగ్గవే. లాడ్జుల్లో పాత వైన్లని గ్లాసు లెక్కన రుచి చూపిస్తారు. సీసా మీద వందలు పోసే ముందు గ్లాసు మీద కొంత ఖర్చు పెట్టండి. ఒక సెర్సియల్, ఒక మల్వజీయా పక్కపక్కన పెట్టించుకుంటే మీ నాలుక ఏ వైపో పది నిమిషాల్లో తేలుతుంది.

ఆన్‌లైన్‌లోనో వేలంలోనో కొంటుంటే ఫొటోలు అడగండి. మెడ దగ్గర వైన్ ఎంత ఎత్తులో ఉందో, బిరడా మీద అధికారిక గ్యారంటీ ముద్ర ఉందో లేదో, లక్క పగిలిందో లేదో కనిపించాలి. వైన్ భుజం కన్నా కిందికి దిగిపోయి ఉంటే వదిలేయండి. పాత సీసాలకి ఉత్పత్తిదారులే కొత్త బిరడా వేయడం ఉంటుంది, అది లోపం కాదు, పైగా మేలే.

ఇండియాకి తెచ్చుకుంటుంటే ఒక లెక్క. పెద్దవాళ్లు ఒక్కొక్కరు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలు సుఖంగా వస్తాయి, మూడోది పరిమితి దాటుతుంది. ఊళ్లో కొన్నది చేతి సంచిలో రానివ్వరు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. మందపాటి టవల్ చుట్టి, పెట్టె మధ్యలో, చుట్టూ బట్టలు. నేనైతే పైన ఒక ప్లాస్టిక్ సంచి కూడా వేస్తాను, పగిలితే మా ఆవిడ చీరలకి సమాధానం చెప్పుకోలేక. దిగే ముందు మీ రాష్ట్రపు ఎక్సైజ్ నిబంధనలు కూడా ఒకసారి చూసుకోండి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి

నిలబెట్టి పెట్టండి. మామూలు వైన్‌ని పడుకోబెట్టమంటారు, బిరడా తడిగా ఉండాలని. మదీరాకి ఆ సూత్రం పనికిరాదు. దీని పులుపు, మద్యం కలిసి దశాబ్దాల్లో బిరడాని తినేస్తాయి.

విజయవాడ ఎండాకాలంలో ఏమవుతుందో అని టెన్షన్ పడక్కర్లేదు. అటక మీద కాగిన వైన్ ఇది. వెలుతురు పడని అల్మరా చాలు. పొయ్యి పక్కన, కిటికీ దగ్గర వద్దు. ఫ్రిజ్ అవసరం లేదు.

ఎంతకాలం నిలబడుతుందంటే, న్యూజెర్సీలోని లిబర్టీ హాల్ మ్యూజియంలో మరమ్మతులు చేస్తుండగా గోడ వెనక 1796 నాటి మదీరా సీసాలు దొరికాయని 2017లో వార్తలొచ్చాయి. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి అది పెద్ద దూరం కూడా కాదు.

మూత తీయడం

ఇక్కడ నెమ్మదిగా వెళ్లండి. పాత సీసా దగ్గర సగం నష్టం ఈ అయిదు నిమిషాల్లోనే జరుగుతుంది.

ప్రయాణం చేసి వచ్చిన సీసాని కనీసం రెండు మూడు రోజులు కదపకుండా నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగాలి. తెరిచే రోజు ఇవన్నీ ముందే బల్ల మీద పెట్టుకోండి: తడిగుడ్డ, చిన్న కత్తి, ఓపెనర్, గరాటు, ఉతికి ఆరేసిన మల్లుగుడ్డ, గాజు జగ్గు లేదా డికాంటర్, ఫోన్ టార్చి. మల్లుగుడ్డని సబ్బుతో ఉతికి ఉంటే మంచినీళ్లలో రెండుసార్లు జాడించండి. సర్ఫు వాసన వైన్‌లోకి దిగితే ఇక దేవుడు కూడా ఏం చేయలేడు.

సీసా మెడ మీద లక్క ఉంటే కత్తి వెనక వైపుతో మెల్లగా తట్టండి, పెచ్చులుగా ఊడుతుంది. సుత్తి పెట్టొద్దు. లక్క పొడి మొత్తం తడిగుడ్డతో తుడవండి. బిరడా పైన నల్లటి బూజు కనిపిస్తే భయపడకండి, అది పైపైదే, తుడిచేస్తే పోతుంది.

పాత బిరడాకి స్క్రూ ఓపెనర్ వాడొద్దు. స్క్రూ మధ్యలోకి దిగి లాగేసరికి చుట్టూ ఉన్నది సీసాకే అంటుకుపోతుంది, నడిమి భాగం పొడై రాలుతుంది. రెండు సన్నటి రేకులుండే ఓపెనర్ ఒకటి దొరుకుతుంది, దాన్ని అహ్-సో అంటారు. పెద్ద ఖరీదు కాదు. పొడుగు రేకుని ముందు బిరడాకీ గాజుకీ మధ్య సందులో పెట్టండి. తరవాత పొట్టి రేకు రెండో వైపు. కిందికి తోసెయ్యకుండా, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ కొంచెం కొంచెం దించండి. పూర్తిగా దిగాక తిప్పుతూ పైకి లాగండి. తిప్పడం ఆపి లాగితే రేకులు మాత్రమే పైకొస్తాయి. నాకు మొదటిసారి అదే జరిగింది.

బిరడా లోపల పడిపోతే పోనివ్వండి. వైన్‌కేం కాదు. గరాటులో మల్లుగుడ్డ పరిచి వడకట్టుకుంటే సరి.

ఇప్పుడు వంచడం. సీసా మెడ కింద ఫోన్ టార్చి వెలిగించి పెట్టి, ఒకే ధారగా, ఆపకుండా జగ్గులోకి వంచండి. మధ్యలో ఆపి మళ్లీ వంచితే మడ్డి కలుస్తుంది. మెడలోకి మొదటి నల్లటి గీత పాకుతూ రాగానే ఆపేయండి. అడుగున రెండు చెంచాలు మిగులుతాయి, వాటిని పారబోయకండి, చిన్న గిన్నెలో పెట్టండి, పని ఉంది.

జగ్గులో రంగు చూడండి. ముదురు తేనె, బాగా పాతదైతే కాఫీ డికాక్షన్. గ్లాసు వాల్చి అంచు చూస్తే ఆకుపచ్చ నీడ లాంటిది కనిపిస్తుంది. వయసుకి అది మంచి గుర్తు.

ఇప్పుడు తాగకండి

ఎన్నో ఏళ్లు గాలి లేని సీసాలో ఉండి ఉండి, తెరిచిన రోజు దానికి మూసుకుపోయిన వాసన ఉంటుంది. చాలాకాలం తాళం వేసి ఉంచిన ఇంటి తలుపు తెరిస్తే వచ్చే వాసన లాంటిది. దానికి తోడు కొంచెం వార్నిష్, కొంచెం వెనిగర్ ఘాటు. బావ సింకు వైపు నడిచింది దీనికే.

మదీరా అభిమానుల్లో ఒక లెక్క వాడుకలో ఉంది. సీసాలో గడిపిన ప్రతి పదేళ్లకి ఒక రోజు. ఇక్కడే ఆ రెండో అంకె పనికొస్తుంది. లెక్క పంట ఏటి నుంచి కాదు, సీసాలో నింపిన ఏటి నుంచి. 1950 పంటే అయినా మొన్న మొన్న నింపిందైతే ఒక రోజు చాలు. బావ సీసా నింపి ఇరవై ఏళ్లయింది, లెక్క ప్రకారం రెండు రోజులు, మేము నాలుగు ఆగాం. ఎక్కువ ఆగినందుకు మదీరా కోప్పడదు.

ఖాళీ సీసాని మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగి, బోర్లించి నీరంతా కారనిచ్చి, జగ్గులోది గరాటుతో మళ్లీ అందులో పోయండి. డికాంటర్ ఉంటే అందులోనే ఉంచి పైన గుడ్డ కప్పండి. రోజుకోసారి ఒక చెంచా రుచి చూస్తూ ఉండండి. మొదటి రోజు ముక్కు ముడుచుకుంటుంది. రెండో రోజు నారింజ తొక్క, వేయించిన అక్రోటు వాసనలు విడివిడిగా తెలుస్తాయి. తరవాత పాత బెల్లం, కాస్త ఉప్పు. ఈ రోజువారీ చెంచా నాకు అసలు గ్లాసు కన్నా ఇష్టం.

ఎన్ని రోజులు ఆగినా పోని వాసన ఒకటుంది: తడిసి ఆరిన అట్టపెట్టె వాసన. అది బిరడా నుంచి వచ్చిన లోపం. దానికి మందు లేదు. కొన్నచోట అడిగి చూడండి.

పోయడం, రుచి చూడటం

బొటనవేలంత గ్లాసులు వాడకండి, వాసన పట్టుకునే చోటు ఉండదు. మామూలు వైట్ వైన్ గ్లాసు తీసుకుని అడుగున 50 మిల్లీలీటర్లు పోయండి, అంతకు మించి అక్కర్లేదు. 19 శాతం మద్యం అన్నది మర్చిపోవద్దు, ఆ పూట బండి తీయొద్దు. ఐసు వేయొద్దు. సెర్సియల్, వెర్దెల్యో 12, 13 డిగ్రీల దగ్గర, బువాల్, మల్వజీయా 16 దగ్గర బాగుంటాయి. మన ఇళ్లలో అయితే పోసే ముందు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డాక తీస్తే దగ్గరికొస్తుంది.

చిన్న గుక్క తీసుకుని, మింగాక నోరు మూసుకుని ఊరుకోండి. ముందు తీపి, వెంటనే నాలుక పక్కలకి పులుపు, ఆ తరవాత నిమిషాలకొద్దీ వదలని రుచి. తెలుగువాళ్లకి ఇది అర్థం చేయించడానికి నేను అక్రోట్ల దగ్గరికి వెళ్లను. అమ్మమ్మ ఇంట్లో జాడీ అడుగున అయిదారేళ్లు ఉండిపోయి నల్లబడిన నిమ్మకాయ ఊరగాయ గుర్తుందా? జ్వరం వచ్చినప్పుడు గంజిలోకి వేసేవారు. పులుపు, ఉప్పు, చేదు, తీపి విడదీయలేనట్టు కలిసిపోయి ఉంటాయి, ముక్క నాకితే చాలు నోరంతా లేస్తుంది. పాత వెర్దెల్యో మొదటిసారి తాగినప్పుడు నాకు ఆ జాడీయే కళ్లముందు కనిపించింది.

పక్కన ఏం పెట్టాలంటే, సెర్సియల్‌కి ఉప్పేసి వేయించిన బాదం, జీడిపప్పు. బువాల్‌కి గట్టి చీజ్. మల్వజీయాకి చేదు చాక్లెట్, లేదా మదీరాలో చెరకు పానకంతో చేసే బోలో ద మెల్ అనే నల్లటి కేకు. మన వంటల్లో నువ్వులద్దిన అరిసె, నువ్వుల జీడి దీనికి బాగా కుదిరాయి. వైన్ కన్నా తియ్యనిది పక్కన పెడితే మాత్రం వైన్ ఒట్టి పులుపుగా తేలిపోతుంది, అందుకే గులాబ్ జామ్, కాజా వద్దు. మిరపకాయ బజ్జీ అసలే వద్దు, కారం మీద మద్యం మంట రెండింతలవుతుంది. మా బావ ఆ ప్రయోగం కూడా చేశాడు.

మదీరా దొరక్కపోతే

20 ఏళ్ల టానీ పోర్ట్ సులువుగా దొరుకుతుంది, ఇది కూడా పీపాలో పెరిగిందే, తీపి ఎక్కువ, పులుపు తక్కువ. పోర్ట్‌లో కొల్యేటా అంటే పీపాలో కనీసం 7 ఏళ్లు. స్పెయిన్ షెర్రీల్లో వీఓఆర్ఎస్ అన్న నాలుగు అక్షరాల ముద్ర చూడండి, సగటు వయసు 30 ఏళ్లకి పైగా అని దాని అర్థం. ఇవేవీ తెరిచాక మదీరా అంతకాలం నిలవవు. టానీని కొన్ని వారాల్లో, చల్లగా ఉంచుకుని ముగించండి.

మిగిలింది ఏం చేయాలి

పాత బిరడా మళ్లీ పెట్టకండి, ప్లాస్టిక్ తలకాయ ఉన్న కొత్త బిరడాతో మూసి, నిలబెట్టి, అదే అల్మరాలో పెట్టండి. నెలల తరబడి రుచి నిలుస్తుంది. పండగకో గ్లాసు చొప్పున ఏడాది నడిపినవాళ్లు ఉన్నారు. సీసాలో పావు వంతుకి వచ్చాక చిన్న సీసాలోకి మార్చుకుంటే ఇంకా మంచిది.

గిన్నెలో దాచిన ఆ రెండు చెంచాల మడ్డి సంగతి. వెన్నలో పుట్టగొడుగులు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేయించి, నీరు ఇగిరాక మడ్డిని గుడ్డలో పిండి ఆ రసం అందులో వేయండి. ఒక్క నిమిషం పెద్ద మంట మీద ఉంచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి దించండి. వేడి వేడి చపాతీలోకి బాగుంటుంది.